పరుపులు మార్చుకున్నాం

లాగ్ 1

స్థితి: మామూలు.

పంపుల స్టేషన్లో షిఫ్టు ఎక్కగానే ముందు రాసే మాట ఇదే కాబట్టి చెయ్యి దానంతటదే రాసేసింది. మేముండే మెరక చుట్టూ కట్టిన గోడలోంచి ఊరే ఉప్పునీటిని తోడి మళ్ళీ సముద్రంలో పోయించడం నా ఉద్యోగం. ఏ పంపు ఎలా చప్పుడు చేసింది, ఏది వేడెక్కింది, అన్నీ లాగ్‌లో ఎక్కించాలి. కాన్పుకి సెలవిచ్చారు గానీ ఈ అలవాటు సెలవు తీసుకోలేదు. ఇక్కడ పంపులు లేవు కాబట్టి నా గురించే రాస్తాను. పేరు భ్రమర. తొలి చూలు. నెలలు నిండిపోయాయి, నొప్పులు రాలేదు.

తొలి కాన్పు పుట్టింటివాళ్ళు చెయ్యాలి. మా అమ్మ లేదు. అందుకని ఆ బాధ్యత మా అత్తయ్య వెంకటరత్నంగారు నెత్తికెత్తుకున్నారు, దాంతోపాటు నన్ను కూడా. ప్రసూతి భవనం గుమ్మం దగ్గర ఒక గొంతు "మీ పరుపు మందార" అని చెప్పింది. ఆ గొంతుకి పేరు లేదు. మెరకలో ఆడవాళ్ళంతా దాన్ని గొంతమ్మ అంటారు. మందులూ మాకులూ చూసేది, దీపాలు ఆర్పేది, మనుషుల్ని పిలిచేది అంతా ఆవిడే.

గదికి రెండు పరుపులు, తలగడలు ఎదురెదురు గోడల వైపు. నేను మందార మీద కూర్చోబోతుంటే అత్తయ్య జబ్బ పట్టుకుని ఆపారు.

"ఆగాగు. తల ఉత్తరానికొస్తోందే!"

"ఉత్తరమని మీకెలా తెలుసండీ? గదికి కిటికీయే లేదు."

"మెట్లెక్కేటప్పుడు తూర్పు సముద్రం కుడిచేతి వైపు లేదూ? అక్కణ్ణించి తిన్నగా వచ్చాం. కడుపుతో ఉన్నదానివి ఉత్తరం తల పెట్టుకుని పడుకుంటావా? ఇంకేవన్నా ఉందా?"

తలగడ తీసి రెండో చివర పెట్టడానికి చూశారు. అది పరుపుకి అతికే ఉంది. "తల భాగం మార్చడం కుదరదు తల్లీ" అంది గొంతమ్మ. అత్తయ్య గోడ వైపు తిరిగి ఆవిడతో వాదనకి దిగారు. నేను బ్యాగు మీద కూర్చున్నాను. మా అత్తయ్య వాదన మొదలెడితే పంపు నూనె మార్చుకుని రావచ్చు.

ఎదుటి పరుపు ఆవిడ అప్పటికింకా నడుం వాల్చలేదు. నాకంటే పెద్దది, పెద్ద జడ, పెద్ద కడుపు. మా తగువంతా నవ్వుతూ చూస్తోంది.

"నాకలాంటి పట్టింపులేం లేవండి పెద్దమ్మగారూ. ఈ అమ్మాయిని ఇటు పడుకోమనండి, నేనటెల్తాను. ఏ దిక్కైతే ఏంటండీ, ప్రభువు అన్ని దిక్కులా ఉంటాడు."

"నీ కడుపు చల్లగుండ! నీ పేరేంటమ్మా?"

"సువార్త అండి."

అలా మార్చుకున్నాం. నేను పడుకోగానే పరుపు కింద ఏదో సర్దుకుంది. "స్వాగతం, నందివర్ధనం తల్లీ. రెండో కాన్పు కదా, మీకు తెలియనిదేముంది" అంది గొంతమ్మ. సువార్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పరుపు మనిషి ముఖం చూడదు. ప్రసూతి గదుల్లో కెమెరాలు ఉండకూడదని మా అమ్మ తరం వాళ్ళు వీధుల్లో కూర్చుని సాధించుకున్నారు. మొదట ఎవరు పడుకుంటే వాళ్ళ బరువూ నాడీ నేర్చుకుని, గుమ్మం దగ్గర రాసుకున్న వివరాలు వాళ్ళకి తగిలిస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. యంత్రాల మధ్య బతికేదాన్ని. కానీ అప్పుడు అత్తయ్య నోరు మూయించడమే ముఖ్యమనిపించింది.

లాగ్ 2

స్థితి: మామూలు.

కడుపుకి మొద్దు మందు ఎక్కించారు. సూది లేదు, వాసన లేదు. వీపు కింద చల్లగా తగిలింది, తర్వాత ఆ చల్లదనం కూడా తెలియలేదు. చెయ్యి వేసి చూసుకుంటే కడుపు ఎవరిదో తడిమినట్టుంది. కాళ్ళు మాత్రం ఇంకా నావే, కాస్త బరువెక్కాయి.

బిడ్డ కదిలినప్పుడల్లా పరుపు అంచున పచ్చదీపం వెలుగుతుంది. ఇంటి దగ్గర ఉన్నప్పుడు అది కాలితో తన్నితే ఉలిక్కిపడేదాన్ని, తిట్టేదాన్ని కూడా. ఇప్పుడు దీపం వెలిగితే "ఓహో, కదిలింది" అనుకుంటున్నాను, కరెంటు వచ్చిందనుకున్నట్టు. ఇలా అనుకుంటున్నందుకు బాధ వెయ్యాలి కదా అని కాసేపు ఎదురుచూశాను. వెయ్యలేదు.

గొంతమ్మ సువార్తకి పాఠాలు మొదలెట్టింది. బిడ్డ మెడ ఎలా పట్టుకోవాలి, పాలు తాగించి వీపు ఎలా నిమరాలి, బొడ్డు ఎలా తుడవాలి. ఒక పిల్లని పెంచి బడికి పంపిన మనిషి బుద్ధిగా "అలాగేనండీ", "అవునాండీ" అంటూ వింటోంది. నాకేమో "మీకు తెలిసిందే కదా నందివర్ధనం తల్లీ" అని అన్నీ దాటవేస్తోంది. నాకు తెలిసింది పంపులు. బిడ్డని చేత్తో పట్టుకున్నది ఎప్పుడూ లేదు.

"అమ్మాయ్, ఇనపడతందా? మెడకింద చెయ్యంట" అని సువార్త నాకోసం ప్రతి మాటా గట్టిగా ఇంకోసారి చెప్పేది. "బాగా నేర్చుకుంటున్నారు మందార తల్లీ" అని గొంతమ్మ మెచ్చుకునేది. మేమిద్దరం ముఖాలు తిప్పుకుని నవ్వేవాళ్ళం. ఈ గదిలో నవ్వు మాత్రం మొద్దుబారలేదు.

లాగ్ 3

స్థితి: గమనించాలి.

మధ్యాహ్నం గంజి తాగుతూ సువార్త తన పెద్దమ్మాయి కెజియా కబుర్లు చెప్పింది. అది పుట్టేటప్పటికి వాళ్ళు దక్షిణం గట్టు దగ్గర శిబిరంలో ఉండేవాళ్ళట.

"ఈ గొంతమ్మలూ లేరు, ఈ మొద్దూ లేదు. రెండు పగళ్ళు కేకలేసేను. ఆకరికి కడుపు కోసి తీసేరు. ఆ డాక్టరు మంచోడు. మళ్ళీ కడుపొస్తే నొప్పులు తెప్పించే మందు మాత్రం ఒంటికి తగలనివ్వకమ్మా, పాత కుట్టు చిరిగిపోద్ది, నేరుగా కోసెయ్యమను అని మరీ మరీ చెప్పేడు. ఈ గుమ్మం దగ్గరా అదే రాయించేను."

గంజి గ్లాసు కింద పెట్టేశాను.

"అక్కా, అది రాసి ఉన్నది నా పరుపులో. మీ పరుపులో రాసి ఉన్నది నా సంగతి. తొలి చూలు, నెలలు నిండాయి, నొప్పులు రాలేదు. అంటే నొప్పుల మందు ఎవరికిస్తారు?"

సువార్త తన పరుపు వైపు, నా పరుపు వైపు చూసింది. "ఇప్పుడే మార్చేసుకుందాం, లే" అంది.

లేచాం. గదికి అడ్డంగా నడవడం కూడా పూర్తవ్వలేదు. రెండు పరుపులూ ఒక్కసారి కూత పెట్టాయి. స్టేషన్లో గోడ పగిలినప్పుడు మోగే కూత కంటే ఇదే ఎక్కువ. తలుపు తెరుచుకుని డ్యూటీ సిస్టర్ పరుగెత్తుకొచ్చింది, బక్కపలచని మనిషి, కళ్ళ కింద నలుపు. ఆ అంతస్తు మొత్తానికి ఆవిడే మనిషి.

"ఎక్కడివాళ్ళక్కడ పడుకోండమ్మా! పరుపు ఖాళీ అయితే తల్లి పడిపోయిందని నాకు కబురొస్తుంది. అవతల ఇద్దరు కనబోతున్నారు!"

నేను నోరు తెరిచేలోపు గొంతమ్మ అందుకుంది. "పరుపు నేర్చుకున్న తల్లి మారడం నిబంధనకు విరుద్ధం. మరోసారి లేస్తే ఇద్దరి సేవా రద్దవుతుంది. బయటి షెడ్డుకు పంపవలసి వస్తుంది." సిస్టర్ మమ్మల్ని లేచిన పరుపుల మీదే మళ్ళీ కూలేసి వెళ్ళిపోయింది. "పడిపోకుండా కాళ్ళకు కూడా ఎక్కిస్తున్నాను" అంది గొంతమ్మ. ఎక్కించింది.

షెడ్డంటే భవనం వెనక రేకుల కప్పు. నులకమంచాలు, వరసగా కట్టిన పరదాలు, ఎవరికి తీరిక దొరికితే వాళ్ళొచ్చి చూస్తారు. మా స్టేషన్లో షెడ్డు మాట ఎత్తితే గొంతు తగ్గిస్తారు.

"చెప్పేద్దాం అమ్మాయ్. షెడ్డైతే షెడ్డే" అంది సువార్త.

నేను వద్దన్నాను. రేపు పొద్దున రౌండ్లకి డాక్టరమ్మ తెర మీదకి వస్తుంది, పద్ధతిగా ఆవిడకే చెబుదాం, ఆవిడ చేతిలో అన్నీ ఉంటాయి, షెడ్డు తప్పుతుంది అన్నాను. యంత్రంతో గొడవ పెట్టుకోకూడదు, దాని పైవాళ్ళకి చెప్పాలి అని పదేళ్ళుగా నేర్చుకున్నదాన్ని. సువార్త "చదువుకున్నదానివి, నువ్వు చెప్పేవంటే సరే" అంది.

లాగ్ 4

స్థితి: గమనించాలి.

సాయంత్రం చుట్టాల్ని రానిచ్చే వేళకి తలుపు అద్దం అవతల అత్తయ్య వచ్చి నిలబడ్డారు. మాట్లాడే గొట్టంలో నోరు పెట్టి, "దక్షిణం తల పెట్టుకున్నాక ఎంత కళగా ఉన్నావో!" అన్నారు. నేను జరిగింది చెప్పాను. ఆవిడ ఎవరితోనూ వాదనకి దిగలేదు. మా అత్తయ్య వాదించకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

"రేపు పొద్దున్నే చెప్పెయ్యండి. నా పేరు చెప్పండి. ముసలిదానికి చాదస్తం, అదే చేయించిందని చెప్పండి" అన్నారు. గొట్టం కొక్కేనికి పెట్టేశారు.

మందార అంచున పచ్చదీపం వెలుగుతోంది. సువార్త బిడ్డ. చాలా హుషారైన బిడ్డ. నా దీపం కంటే అదే ఎక్కువ వెలుగుతుంది.

లాగ్ 5

స్థితి: ప్రమాదం.

డాక్టరమ్మ తెర మీదకి రాకముందే గొంతమ్మ మొదలుపెట్టింది.

"శుభోదయం మందార తల్లీ. నెలలు నిండి రోజులు దాటుతున్నాయి. నొప్పుల మందు మొదలుపెడుతున్నాను. మీకేమీ తెలియదు, హాయిగా ఉండండి."

"వద్దమ్మా! నాకు ముందు కడుపు కోసేరు. నాకా మందు పడకూడదు."

"మీ వివరాల్లో అలాంటిదేమీ లేదు. మొదటి కాన్పుకి ఇలాంటి భయాలు సహజం."

నేను అరిచాను. ఆవిడ సువార్త, నేను భ్రమరని, పరుపులు మార్చుకున్నాం, మందు ఆపు అని అరిచాను. ఎన్నిసార్లు అరిచానో. గొంతమ్మ విసుక్కోలేదు. "నందివర్ధనం తల్లి కలవరపడుతున్నారు. శాంతి మందు ఇస్తున్నాను" అంది. మెడ వెనక చల్లబడింది. ఆ తర్వాత అరవాలని తెలుసు గానీ అరిచేంత అవసరం ఉన్నట్టు తోచలేదు. ఆ మందు చేసే పని అదే. సువార్తకి కూడా ఇచ్చారు.

మందు ఎక్కుతోంది. ఇద్దరం మంచి పిల్లల్లా పడుకున్నాం. సువార్త కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. నేను మందార పరుపు అంచు చూస్తున్నాను. పచ్చదీపం. పచ్చదీపం. తర్వాత ఆలస్యంగా ఒకటి. రౌండ్లకి డాక్టరమ్మ తెర వెలగలేదు. వేరే అంతస్తులో ఏదో అయిందట.

"అమ్మాయ్" అంది సువార్త కాసేపటికి. "నాకు భుజం పీకేస్తందే."

"ఏ భుజం?"

"ఎడం భుజం. పక్కకి పడుకున్నట్టు కూడా లేదు కదా."

మొద్దు పక్కటెముకల దాకానే ఉంటుంది. దాని కింద ఏం జరిగినా మాకు తెలియదు. భుజం దానికి పైన ఉంది. ఒక పంపు లోపల పగిలితే ముందు తెలిసేది పగిలిన చోట కాదు, ఎక్కడో దూరంగా ఉన్న గొట్టం దగ్గర. తల తిప్పి ఆవిడ ముఖం చూశాను. పెదాలు తెల్లగా ఉన్నాయి. నుదుటి మీద చెమట.

"గొంతమ్మా, ఆవిడకి లోపల ఏదో చిరిగింది. మనిషిని పిలు."

"మందార తల్లి నాడి వేగంగా ఉంది. డాక్టరమ్మకు కబురు పంపాను. మొదటి కాన్పు, ఆరోగ్యవంతురాలు కాబట్టి వరసలో ఉన్నారు. ఆందోళన వద్దు."

మందార అంచున దీపం ఆరిపోయే ఉంది. నేను మళ్ళీ వెలుగుతుందని చూస్తూ ఉన్నాను. చూస్తూనే ఉన్నాను. లోపల నాకు భయం లేదు, కోపం లేదు. ఉండవలసిన చోట ఉండవలసినవి లేవని మాత్రం తెలుస్తోంది. సువార్త ఇప్పుడు నన్ను పిలవడం లేదు.

గొంతమ్మ మాట వినదు. కానీ పరుపు ఖాళీ అయితే మనిషి వస్తుంది.

చేతులు ఇంకా నావే. పరుపు అంచు పట్టుకుని ఒళ్ళు లాగాను. నడుం కింద నుంచి నా ఒళ్ళు ఎవరో వదిలేసిన బస్తా. లాగితే కాస్త వస్తుంది, మళ్ళీ వెనక్కి జారుతుంది. "నందివర్ధనం తల్లీ, దయచేసి కదలవద్దు" అంటోంది గొంతమ్మ. కడుపు కింద పడకూడదని మాత్రం ఆలోచించాను. ఎడం మోచెయ్యి ముందు ఆన్చి వీపు వైపు దొర్లాను. నేల తగిలిన చప్పుడు విన్నాను. తగిలినట్టు తెలియలేదు.

పరుపు కూత పెట్టింది.

సిస్టర్ తలుపు తోసుకుని వచ్చి నా మీదకి వంగింది. "నిన్న చెప్పలేదూ మీకు?"

"నన్ను కాదు. ఆవిణ్ణి చూడండి. ఆవిడ సువార్త, నేను భ్రమరని. పరుపులు మార్చుకున్నాం. ఆవిడకి పాత కుట్టుంది. నొప్పుల మందు ఎక్కించేశారు."

సిస్టర్ మందార తెర వైపు చూసింది. "ఇక్కడ అంతా మామూలే అని..."

"తెర కాదండీ. ముఖం చూడండి."

చూసింది. చూశాక నాతో ఇంకేం మాట్లాడలేదు. తాళం తిప్పి, మందార పరుపుకి చక్రాలు దింపి, భుజంతో తోసుకుంటూ పరుగెత్తింది. గదిలో నేను నేల మీద, కూతపెడుతున్న పరుపు పక్కన మిగిలాను.

లాగ్ 6

స్థితి: ఏం రాయాలో తెలియదు.

ఇద్దరి సేవా రద్దయింది. నన్ను షెడ్డుకి తోసుకొచ్చారు. నొప్పులు వాటంతటవే వచ్చాయి. పడిపోయినందుకు వచ్చాయో, రావాల్సి వచ్చాయో ఎవరికీ తెలియదు. మొద్దు ఒక్కసారిగా దిగలేదు. ముందు ఎడం కాలు వచ్చింది, తర్వాత వీపులో సగం. అరవమన్నారు, అరిచాను. నా నోటి నుంచి వచ్చేది పక్క మంచం ఆవిడ కేకనుకున్నాను కొంతసేపు.

అత్తయ్య నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "తొయ్యమ్మా, నా బంగారు తల్లివి కదూ, తొయ్యి" అంటూనే ఉన్నారు. ఆవిడ నన్ను అలా పిలవడం ఎప్పుడూ లేదు. అప్పుడు కూడా నేను పరదాల అవతల ఏ మంచం తెస్తారా అని చెవులు రిక్కించి వింటున్నాను.

ఆడపిల్ల. ఎర్రగా, జిడ్డుగా, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. నా ఛాతీ మీద పెట్టారు. సువార్త గట్టిగా చెప్పిన మాట గుర్తొచ్చి మెడ కింద చెయ్యి పెట్టాను. అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. నవ్వాను. ఏమీ అనిపించలేదు. అనిపించాలని ఎంత వెతికినా లోపల ఏమీ దొరకలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు, ఇక్కడే రాస్తున్నాను.

తర్వాత సిస్టర్ వచ్చింది. బట్టలు మార్చుకుని వచ్చింది. నిలబడే చెప్పింది. సువార్త బతికింది. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లాడు.

"ఇంకాస్త ముందు తెలిస్తేనా..." అని ఆపేసింది. నన్ననలేదు ఆవిడ. ఎవరినీ అనలేదు. నిన్న మధ్యాహ్నం సువార్త చెప్పేద్దామంది. నేను రేపన్నాను.

అత్తయ్య లేచి షెడ్డు బయటికి వెళ్ళారు. రేకు గోడకి అవతల ఆవిడ తల బాదుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను పిలవలేదు. పిలిచి ఏం చెప్పాలి?

లాగ్ 7

నాకు పాలు పడలేదు. తొలి కాన్పు కదా, ఇంకో రెండు రోజులు పట్టొచ్చట. షెడ్డులో డబ్బా పాలు ఉన్నాయి. పిల్ల తాగుతుంది, తాగినంతా కక్కేస్తుంది. మళ్ళీ పడతాం, మళ్ళీ కక్కుతుంది. నిన్న గట్టిగా ఏడ్చేది. ఇవాళ ఏడుపు సన్నబడింది. సన్నబడితే మంచిది కాదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పంపు చప్పుడు తగ్గితే ఎవరైనా సంతోషిస్తారా?

సువార్తని తెచ్చి మా పరదా పక్కనే పడుకోబెట్టారు. భర్త చేపల పడవ మీద ఉన్నాడు, కబురు పంపారు, ఇంకా రాలేదు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంటుంది. మాట్లాడదు. పరదా సందులోంచి జడ కనిపిస్తుంది, చిక్కులు పడి.

అత్తయ్యే వెళ్ళి ఆవిడకి ఒళ్ళు తుడిచి, గంజి తాగించి వస్తున్నారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ గ్లాసు తోసేసింది. నేల మీద పడిన గంజి తుడిచి, అత్తయ్య ఇంకో గ్లాసు పోసుకుని వెళ్ళారు. అది తాగింది.

ఇవాళ అత్తయ్య బయటికి వెళ్ళి ఎక్కడెక్కడో తిరిగి గుప్పెడు మల్లెపూలు తెచ్చారు. మెరకలో మల్లెపూలంటే ఎవరింటి కుండీలోవో, ఎంత బతిమాలితే ఇచ్చారో. ఎందుకండీ అంటే ముఖం నా వైపు తిప్పకుండా చెప్పారు.

"ఆ అమ్మాయికి పాలు పొంగుతున్నాయి. రవికలు తడిసిపోతున్నాయి, గడ్డలు కట్టేస్తున్నాయి. పూలు కడితే పాలు ఇంకిపోతాయి."

పూలు తీసుకుని పరదా అవతలికి వెళ్ళారు. పిల్ల నా చేతుల్లో ఉంది. నోరు తెరిచి మూస్తోంది, ఏడవడానికి కూడా ఓపిక చేసుకుంటోంది. దాని నాలుక ఎండిపోయి కనిపించింది. అప్పుడు నా కడుపులో, ఎక్కడో కింద, సన్నగా మండింది. మొద్దు దిగుతున్న మంటో ఇంకేదో చెప్పలేను. ఇది చచ్చిపోతుందని భయం వేసింది. ఇంత జరిగాక నాకు భయం వేసింది.

లేచాను. గోడ పట్టుకుని, ఒక చేత్తో పిల్లని పట్టుకుని పరదా తొలగించాను.

సువార్త కూర్చుని ఉంది. అత్తయ్య పాత చీర చింపి పూలు అందులో పరిచి ఆవిడ ఛాతీకి చుట్టబోతున్నారు. నన్ను చూసి ఇద్దరూ ఆగారు. నేను అడగాలని వచ్చాను. ఎలా అడుగుతాను? నాకోసం తన పరుపు ఇచ్చిన మనిషి. చెప్పేద్దామని అన్న మనిషి. నోట్లోంచి "అక్కా" తప్ప ఏమీ రాలేదు. పిల్ల సన్నగా మూలిగింది.

సువార్త ముఖం గోడ వైపు తిప్పేసింది.

"ఎల్లు" అంది.

అత్తయ్య నా వైపు చూశారు. వెళ్ళమన్నట్టు కళ్ళతోనే చెప్పారు. వెనక్కి తిరిగాను. కాళ్ళు సరిగ్గా రాక పరదా గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. పిల్ల మళ్ళీ మూలిగింది, ఈసారి మధ్యలో ఆగిపోయింది.

"డబ్బా పాలు పట్టట్లేదా?" అని వినిపించింది వెనక నుంచి.

"కక్కేస్తోందక్కా."

తర్వాత గుడ్డ చిరిగిన చప్పుడయింది. సువార్త చీరముక్క లాగి అవతల పడేసింది. మల్లెపూలు నేల మీద, మంచం మీద, అత్తయ్య ఒళ్ళో పడ్డాయి.

"ఇటివ్వండి" అంది అత్తయ్యతో. నాతో కాదు.

అత్తయ్య నా చేతుల్లోంచి పిల్లని తీసుకుని ఆవిడ ఒళ్ళో పెట్టారు. సువార్త మెడ కింద చెయ్యి పెట్టింది. పిల్ల తడుముకుంది, దొరికించుకుంది, గుటక వేసిన చప్పుడు షెడ్డంతా వినిపించినట్టనిపించింది నాకు. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ తుడుచుకోలేదు. పిల్ల ముఖం మీద పడకుండా తల కాస్త పక్కకి పెట్టుకుంది. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను నేల మీదే కూలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, గట్టిగా, కడుపు పట్టుకుని ఏడ్చాను. అన్నీ నొప్పి పెట్టాయి. ఎక్కడెక్కడ నొప్పి పెట్టాలో అక్కడల్లా నొప్పి పెట్టింది.

పిల్ల వదిలేసి నిద్రపోయాక సువార్త దాన్ని భుజాన వేసుకుని వీపు నిమిరింది. త్రేన్పు వచ్చేదాకా నిమిరి అత్తయ్యకి అందించింది. అప్పుడు నా వైపు చూసింది, ఇక్కడికి వచ్చాక మొదటిసారి.

"ఆకలేసినప్పుడల్లా తీసుకురా. నాతో ఏం మాట్లాడకు. సారీలూ గట్రా చెప్పకు. తీసుకురా, అంతే."

తీసుకెళ్తాను.